పండుకోవాలా, తిరగాలా?

డిసెంబరులో ఒక శనివారం రాత్రి కాలేజీ మైదానంలో చాపలు పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని, తెల్లారేదాకా ఆరుబయట పడుకోవాలి. ఇల్లు లేనివాళ్ల సంగతి ఊరికి తెలియాలి. పడుకునే ప్రతి విద్యార్థీ తెలిసినవాళ్ల దగ్గర కొంత చందా కూడా పోగుచేయాలి. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఆలోచన ఇది. మేనమామ చెవిన వేస్తే ఆయన పకపకా నవ్వాడు.

"ఆరుబయట పండుకునుడు గూడ ఒక కార్యక్రమమేనా కోడలా? ఎండకాలం వాకిట్ల మంచాలేసుకుని అందరం పండుకునేది ఆరుబయటనే గద. మీ అమ్మనడుగు. కరెంటు పోయిన రాత్రి ఇంట్ల పండుకునేటోడు పిచ్చోడు."

ఆ నవ్వు నవ్వే హక్కు ఆయనకుంది. కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డున పుట్టాడు. మీసాలు రాకముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస కూలీల గుంపులో కలిశాడు. బొంబాయి, పుణె, బెంగళూరు తిరిగి, గుజరాత్‌లో కాలువలు తవ్వి, ఇప్పుడు పట్టణంలో సగం లేచిన అపార్ట్‌మెంటు ఒకదానికి కాపలా ఉంటున్నాడు. కోడలికి ఆ గుంపుల బతుకు తెలియదు. హాస్టల్లో పెరిగింది, పేపరు చదువుతుంది, మాటకు మాట అప్పచెబుతుంది. (ఈ ఇద్దరూ కల్పించిన మనుషులే. వాళ్ల నోట వచ్చే ఏండ్లు, లెక్కలు, చట్టాలు మాత్రం కల్పించినవి కావు.)

"నవ్వుడు కాదు మామా," అంది కోడలు. "2017 డిసెంబరుల స్కాట్లండ్‌ల ఎడిన్‌బరో పార్కుల ఎనిమిది వేల మంది ఒక రాత్రంత బయట పడుకున్నరు. సోషల్ బైట్ అనే సంస్థ పిలిచింది. నలభై లక్షల పౌండ్ల దాక పోగయినయి. 2019 డిసెంబరు 7న అదే పని ఎన్నో దేశాలల్ల చేసిన్రు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌ల హెలెన్ మిరెన్ అంత పెద్ద నటి వచ్చి, పడుకునేటోళ్లకు కథ చదివి వినిపిచ్చింది."

"కథ చెప్పి పండవెట్టిన్రా? మమ్ముల లాఠీతోని లేపుడే మాకెరుక."

కోడలికి కోపం వచ్చింది గానీ, మామ మాటలో పట్టుకోవలసింది ఉంది. ఎడిన్‌బరోలో ఆ రాత్రి చలి సున్నాకు కిందికి దిగింది. అక్కడ ఆరుబయట అంటేనే ప్రాణం మీదికి వచ్చే సంగతి. కాబట్టి ఒక్క రాత్రి చలిలో పడుకుంటే ఇల్లు లేనివాడి కష్టంలో కొంతైనా ఒంటికి తెలుస్తుంది. పాలమూరులో (అంటే మహబూబ్‌నగర్‌లో), నల్లగొండలో అలా కాదు. ఇక్కడ రాళ్లు పగిలే ఎండలకు మనుషులు ఇష్టపడే పడుకుంటారు బయట. ఇక్కడి నిలువనీడ లేనివాడి కష్టం చలిలో కంటే వేరేచోట ఎక్కువుంది. అదెక్కడుందో మామ తన ఒంటి మీదినుంచే చెప్పాడు.

"చెప్పులు తలకింద పెట్టుకుంటం. మెత్తగుంటయని గాదు, పొద్దుగాల్ల ఉంటయో ఉండయో అని. పైసలు డ్రాయరుకు లోపల కుట్టిచ్చిన జేబుల. మూటను తువ్వాలతోని కాలుకు కట్టుకుంటం, ఎవడన్న గుంజితె మెలకువ రావాలె గద. దుప్పటి మొఖం మీదికెల్లి గుంజుకుంటం. దోమలకు సగం, లారీల లైట్లకు సగం. ఆడోళ్లు నడుమ, మొగోళ్లు చుట్టుముట్టు. ఆడోళ్లు పగటీలి నీళ్లు తాగకపోతుండె. ఎందుకో నీకు చెప్పేదేముంది? చీకటితోని లేచి పోయొచ్చేదాక మా వదినలకు నిద్రనే లేకుండె. మీ కాలేజీల గేటున్నది, వాచ్‌మన్ ఉన్నడు, బాత్రూం ఉన్నది. ఇగ మీకు తెలిసేదేంది? చాప గుచ్చుకునుడా?"

"గంతైనా తెలుస్తది కద."

"గంతకు ఎనిమిది వేల మందెందుకు?"

ఇక్కడ మామ కొంచెం తొండి ఆడాడు. ఎడిన్‌బరోలో పడుకున్నవాళ్లు మేము ఇల్లు లేనివాళ్లమైపోయాం అని చెప్పుకోలేదు. డబ్బు పోగుచేశారు, దాన్ని ఇళ్లకు పెట్టారు. కోడలు ఆ మాటే అంది. మామ మాత్రం మన దగ్గర చూసిన పల్లెనిద్రలు గుర్తుచేశాడు. పల్లెనిద్ర, బస్తీనిద్ర, హాస్టల్ నిద్ర అంటూ నాయకులు, అధికారులు ఊళ్లలో పడుకున్న రాత్రులు తెలంగాణలో అందరికీ తెలిసినవే. సారు వస్తున్నాడంటే ముందు కొత్త పరుపొస్తుంది, కూలరొస్తుంది, దోమతెర వస్తుంది. తెల్లారి సారుతో పాటే అవన్నీ వెళ్లిపోతాయి.

"సరే, మేం పండుకోం. ఏం జెయ్యాలె మరి?"

"మొదలు ఎవరికి ఇల్లు లేదో చెప్పు."

ఇది అనుకున్నంత సులువైన ప్రశ్న కాదు. కోడలు తన దగ్గరున్న లెక్క తీసింది. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షల మంది. పదేండ్లలో పల్లెల్లో ఈ లెక్క తగ్గింది, పట్టణాల్లో 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, పెద్ద సిమెంటు పైపుల్లో, గుళ్ల దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్లను ఈ పద్దులో రాస్తారు.

"నేనున్నన్నా అండ్ల?" అడిగాడు మామ.

"నువ్వు లేవు. నీకు రేకుల రూమున్నది కద, అది ఇల్లు కిందికే వస్తది. ఊర్ల గూడ ఇల్లున్నది."

"ఊర్ల తాళమేసిన ఇల్లు. నేను పండుకున్నది రోడ్డు మీద. ఇల్లున్నోళ్ల లెక్కల ఉన్నగని ఇంట్ల లేను. మీ చందా పైసలు నాసొంటోనికి వస్తయా రావా?"

ఇక్కడి వలస కూలీలకు పడ్డ పాలమూరు లేబర్ అనే పేరు వెనకున్నది ఈ చిక్కే. దశాబ్దాలుగా నారాయణపేట, మక్తల్, కోస్గి, కోయిల్‌కొండ దిక్కు నుంచి ఇంటికి తాళమేసి పోయిన కుటుంబాలు ఎన్నో. ముసలివాళ్లను ఊళ్లో వదిలి, పిల్లలను చంకనేసుకుని, పని ఎక్కడుంటే అక్కడే నిద్ర. ప్రభుత్వం దృష్టిలో వాళ్లకు ఇల్లుంది, రేషన్ కార్డుంది, ఓటుంది. పట్టణం దృష్టిలో వాళ్లు ఆ పట్టణం వాళ్లే కారు. ఇటు గృహనిర్మాణ పథకానికీ, అటు రాత్రి బస కేంద్రానికీ అందకుండా నడిమిట్ల పడిపోయారు.

2020 లాక్‌డౌన్‌లో ఈ సంగతి దేశమంతా చూసింది. మే 8 తెల్లవారుజామున ఔరంగాబాద్ దగ్గర 16 మంది వలస కూలీలు గూడ్సు రైలు కింద నలిగిపోయారు. నడిచి నడిచి అలసి, రైళ్లు బందయ్యాయి కదా అని పట్టాల మీదే పడుకున్నారు. మధ్యప్రదేశ్‌లో ఉన్న తమ ఇళ్లకే బయలుదేరినవాళ్లు వాళ్లంతా.

"అందుకే అంటున్న మామా," కోడలు గొంతు పెంచింది, "చట్టాలొచ్చినయని ఎవలకు తెల్వదు. 1979ల వలస కూలీల చట్టం వచ్చింది, వసతి చూపిచ్చే బాధ్యత కాంట్రాక్టరుదన్నది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ల ఇంక సాఫ్‌గ రాసిన్రు. పని కాడ కూలీలకు పైస తీసుకోకుండ వసతి ఇయ్యాలె, వంటకు, తానానికి, దొడ్డికి వేరే జాగ ఉండాలె."

"సెక్షన్ నంబరు నీకెరుక. వసతెట్లుంటదో నాకెరుక. సెంట్రింగు చెక్కలు నిలవెట్టి, పైన తాటిపత్రి కప్పి, నాలుగు మూలల బైండింగు వైరుతోని కట్టుడు. స్లాబు మీద క్యూరింగు నీళ్లు వట్టిన రోజు రాత్రంత సుక్కసుక్క కారుతుంటయి మీద. ఇల్లు లేసినంక మేం బయటికి. మేం కట్టిన బిల్డింగు లిఫ్టుల ఎక్కుదామంటె వాచ్‌మన్ ఆపిండు ఒకపారి. గిప్పుడు నేను వాచ్‌మన్, నేను గూడ ఆపుతున్న."

ఆయన మాటల్లో వెటకారమే తప్ప ఏడుపు లేదు. ఒక్కచోట మాత్రం వెటకారం ఆగింది. శ్రీశైలం దగ్గర.

శ్రీశైలం రిజర్వాయరు నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ, తుంగభద్ర ఒడ్ల ఊళ్లు వంద దాకా మునిగాయి. 1981లో ఖాళీ చేయించారు. ఆ ఊళ్లతో పాటు పాత గుళ్లు కూడా మునగాల్సినవే. కానీ వాటిని వదల్లేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయి విప్పి, నంబర్లు వేసి, అలంపురం తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లనూ అలాగే గట్టుకెక్కించారు. ఇప్పుడు చూసినా గోడలు చక్కగా కుదిరి ఉంటాయి. అది పురావస్తు శాఖ గొప్ప పని, అందులో సందేహం లేదు.

"రాళ్లకు నంబర్లేసిన్రు," అన్నాడు మామ. "మనిషికి నంబరెయ్యలే. మా నాయిన గవర్నమెంటు కట్టిచ్చిన పైసలు పట్టుకుని ఏడ దిగాల్నో తెల్వక తిరిగిండు. ఇంటికొక నౌకరని 1986ల జీవో తీసిన్రు గద, 98 నంబరు జీవో. దాని కోసం ధర్నాలు చేసినోళ్లు ముసలోళ్లయిన్రు. ప్రాజెక్టు కట్టింది మనోళ్లే, మునిగింది మనోళ్లే. ఇగ పాలమూరోళ్లు ఎందుకు రోడ్డు మీద పండుకున్నరని మీ పిల్లలకు చెప్పాల్నంటె, దుప్పట్లు గాదు, గా గుడి చూపియ్యి."

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మాటను నల్లగొండకు తిప్పింది. తెలివైన ఎత్తుగడే.

"నల్లగొండోళ్లు ఏం జేసిన్రో నువ్వే చెప్తుంటివి కద మామా. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర పోతుంటే ఎవలు వినకుండె. జల సాధన సమితి వాళ్లు 1996 ఎంపీ ఎలక్షన్ల ఎంత మందితోని నామినేషన్ వేయించిన్రు? మొత్తం 480 మంది నిలబడ్డరు. బ్యాలెట్ పేపరు పుస్తకమైపోయింది, పోలింగే వాయిదా పడ్డది. అందులో 477 మందికి డిపాజిట్ పోయింది. వాళ్లకు గెలుస్తమని ఆశున్నదా? లేదు. అదీ నాటకమే. అయినా దేశమంత నల్లగొండ దిక్కు చూసింది."

"చూసి ఏం జేసిన్రు? డిపాజిట్ 500 ఉండేది పదివేలు చేసిన్రు. నీళ్లియ్యలే, నిలబడే తొవ్వ మూసిన్రు."

"నీళ్లొచ్చినయి కద."

"వచ్చినయి. ఎన్నేండ్లకు?"

చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరణ జరిగింది 2015 జూన్‌లో. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని కేంద్రం పార్లమెంటులో చెప్పింది 2020లో. ఆ 480 నామినేషన్ల నుంచి లెక్కపెడితే రెండు దశాబ్దాల పైమాట. నామినేషన్ల వల్లే నీళ్లొచ్చాయని చెప్పలేం, ఉత్తగా పోయాయని కూడా చెప్పలేం. ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది. జల సాధన సమితి దుశర్ల సత్యనారాయణ ఫ్లోరైడ్ బాధితులను ఢిల్లీ తీసుకెళ్లి, మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని ప్రధాని వాజ్‌పేయి బల్ల మీద పడుకోబెట్టాడు. చెప్పడానికి అంతకు మించిన దరఖాస్తు ఏముంటుంది? స్వామి 2023 జనవరిలో చనిపోయాడు.

"గదే నేననేది," మామ అందుకున్నాడు. "బల్ల మీద ఉన్నది స్వామే. వంకరపోయిన ఒళ్లు ఆయనదే. వేరేటోనికి కట్లు కట్టి పండవెట్టలే. మీరు ఎవరి బదులు పండుకుంటరు?"

"బాధ పడ్డోడే అడగాల్నని రూలేం లేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిల భూమి అడిగిన వినోబా ఎవలు? ఆ ఊరి దళితుడా? కాదు కద. 80 ఎకరాలు కావాలని దళితులంటె, ఆయన ఊరి మధ్యల ఆ మాట అడిగిండు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తనన్నడు."

"అడిగిండు. భూమి లేనోని ఏషం ఎయ్యలే."

వాదంలో ఇది గట్టి దెబ్బ. కోడలు దాన్ని ఒప్పుకోలేదు గానీ, అక్కడి నుంచి ఆమె మాటల్లో దుప్పట్లు తగ్గి డిమాండ్లు పెరిగాయి. ఏం అడగాలో ఆమెకు తెలుసు. చలికి ఢిల్లీలో చావులు వరసబెట్టినప్పుడు, 2010లో ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు రాత్రి బస కేంద్రాల మీద గట్టిగా మాట్లాడింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ లక్ష పట్టణ జనాభాకు కనీసం వంద మంది పట్టే శాశ్వత బస ఒకటి ఉండాలంది, మనిషికి 50 చదరపు అడుగుల జాగా చూపాలంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ లక్ష దాటిన జిల్లా కేంద్రాలు. ఆ లెక్కన మన ఊళ్లో ఎక్కడుంది, ఎంతమంది పడుతున్నారు, ఆడవాళ్లకు వేరే గది ఉందా అని మున్సిపల్ కమిషనర్‌ను అడగడానికి ఏ విద్యార్థీ నేల మీద పడుకోనక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు చాలు.

ఇళ్ల సంగతీ అంతే. ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముగ్గు పోసి వెళ్లారు. కనీసం 400 చదరపు అడుగుల ఇంటికి దశలవారీగా 5 లక్షలు. మంచి సాయమే. కానీ మొదటి విడత సొంత జాగా ఉన్నవాళ్లకు. జాగా కూడా లేనివాళ్లది రెండో జాబితా. అంటే నిజంగా రోడ్డు మీదున్నవాడి వంతు ఆ తర్వాతే. ఈ ఒక్క ముక్క ఊళ్లో పదిమందికి అర్థమయ్యేలా చెప్పగలిగితే, పిల్లలు చేసిన పనికి విలువుంటుంది.

"అడుగుతం మామా. కని నలుగురే పోయి కాయితమిస్తె ఎవలు పట్టిచ్చుకోరు. నాలుగు వందల మంది ఒక రాత్రి బయటుంటే పేపరోళ్లొస్తరు, పేపరోళ్లొస్తే కమిషనరొస్తడు. జనం కావాలె."

"జనముండని. పండుకునుడెందుకు? తిరుగుండ్రి."

ఇదీ ఆయన అసలు మాట. జనగణనలో ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టేది రాత్రిపూటే. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు తిరిగారు. వచ్చే జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. పాత పద్ధతే సాగితే ఫిబ్రవరి చివరి రాత్రి మళ్లీ తిరగాలి. ఒక ఉపాధ్యాయుడు, చేతిలో ఫోను, తనకు కేటాయించిన నాలుగు వీధులు. ఎవరు ఎక్కడ పడుకుంటారో ఆయనకేం తెలుస్తుంది? దుప్పటి ముసుగేసుకున్న మనిషిని లేపి పేరడగడం కూడా సామాన్యం కాదు. లేచినవాడు పోలీసనుకుని మూట సర్దుకుని పారిపోతాడు.

"మీరు డిసెంబరుల తిరుగుండ్రి," అన్నాడు మామ. "ఎవరేడ పండుకుంటున్నరో రాసుకోండ్రి. ఆఖరి బస్సు పోయినంక బస్టాండు చూడాలె, టేషన్ల ప్లాట్‌ఫారం కాదు, బయట సైకిల్ స్టాండు చూడాలె. పెద్ద దవాఖాన కాడ చూడాలె, అక్కడ పండుకున్నోళ్లంత ఇల్లు లేనోళ్లు కాదు, పేషెంట్ల మందుంటరు, అడిగి రాయాలె. ఫంక్షన్ హాళ్ల ముంగట. నల్లగొండ దిక్కు మీ దోస్తులుంటె మిర్యాలగూడ రైసుమిల్లులు చూడుమను, బీహార్ హమాలీలు ఏడ పండుకుంటరో. ఇటుకబట్టీల కాడ ఒడిశా నుంచి, బొలాంగీర్ దిక్కు నుంచి వచ్చినోళ్లుంటరు. మనం బొంబాయిల ఎట్లుంటిమో, వాళ్లు మన దగ్గర అట్లున్నరు."

ఆ చివరి వాక్యం దగ్గర కోడలు ఆగింది. వలస అంటే ఇన్నాళ్లూ ఇక్కడి నుంచి పోవడమే ఆమె విన్నది. పాలమూరులో కొన్ని చోట్ల నీళ్లొచ్చాక, వలస పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. ఈలోపు వేరే రాష్ట్రాల కూలీలు వచ్చి మన దగ్గరే ఆరుబయట పడుకుంటున్నారు. వాళ్లను రాసుకునే మనిషి తెలుగులో అడిగితే వాళ్లకు అర్థం కాదు. హిందీ వచ్చినవాళ్లు జట్టుకొకరు ఉండాలని ఆమె అక్కడికక్కడే అనుకుంది.

అయినా వదల్లేదు. "ఫోటోలు తీస్తం మామా. లేకపోతె ఎవరు నమ్ముతరు?"

"మీ ఫోటోలు తీసుకోండ్రి. పండుకున్నోళ్ల మొఖాలు వద్దు. ఊర్ల బిడ్డకు సంబంధాలు చూస్తుంటరు, అయ్య బస్టాండుల పండుకుంటుండని తెలిస్తె ఏమైతది? నేను బొంబాయిల ఏడుంటున్ననంటె కంపెనీ రూముల అని చెప్తుంటి మీ అమ్మకు."

ఈ సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు. అవగాహన కల్పించడం అనే మాటలో ఒక ఇబ్బంది ఉంది. ఎవరి గురించి కల్పిస్తున్నామో వాళ్లలో చాలామంది ఆ సంగతి దాచుకుని బతుకుతుంటారు.

"మొఖాలు లేకుండ ఉత్త లెక్క చూపిస్తె ఎవరు కదులుతరు?"

"480 అంటె లెక్కనే గద కోడలా. గా ఎలక్షన్ల ఓడినోళ్లల్ల ఒక్కని మొఖం నీకు యాదికున్నదా?"

ఆమె దగ్గర జవాబు లేదు. కానీ ఓడిపోయినట్టు ఒప్పుకోవడం ఆమెకు చేతకాదు. అర్ధరాత్రి దాకా తిరుగుతామని, ఆ తర్వాత మాత్రం ఇష్టమున్నవాళ్లు బయటే పడుకుంటారని తేల్చేసింది. మైదానంలో కాదు, అనుమతి తీసుకుని బస్టాండులో. అమ్మాయిలు కూడా. మామకు అది నచ్చలేదు. ఆడపిల్లలు వద్దన్నాడు. "మరి మీ వదినలు ఎట్ల పండుకున్నరు?" అని ఆమె అడిగితే, ఆ సంగతి వేరన్నాడు. వేరెట్లా అయిందో చెప్పలేకపోయాడు. ఈ ఒక్కచోట ఆయన వాదన నీరుగారిపోయింది.

చందా పైసల దగ్గర మళ్లీ పేచీ. దుప్పట్లు కొని పంచుదామని కోడలు. దుప్పట్లు వద్దని మామ. చలికాలంలో ప్రతి సంఘం, ప్రతి క్లబ్బు పంచేది దుప్పట్లేనట. ఒక్కొక్కనికి మూడొస్తాయి, పగలు వాటిని పెట్టుకునే జాగా లేక అమ్ముకుంటారు.

"బీరువా కొనుండ్రి."

"ఏంది?"

"ఇనుప బీరువా, బడి పిల్లలకుండేటి అసొంటిది, అరకు తాళముండాలె. కూలీ అడ్డా పక్కన యాడన్న పెట్టియ్యాలె. మూట పెట్టుకుని, తాళమేసుకుని, పనికి పోవాలె. మూట మోసుకుని పోతె పనికి పిలువరు, ఊరిడిసి వచ్చిండు, రేపు ఉంటడో ఉండడో అని. మూట ఇడిసిపెట్టి పోతె సాయంత్రానికి ఉండది. ఆధార్ కార్డు పోయేది గూడ అట్లనే. కార్డు పోతె ఇగ ఏ పథకం రాదు."

"గా బీరువా ఎవరు చూసుకుంటరు? తాళం చెవులు పోతె?"

"ఛాయ్ హోటలోడు చూసుకుంటడు, నెలకింత ఇస్తె."

నెలకెంత అన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. కోడలు నోటుబుక్కులో ఒక అంకె రాసింది, మామ దాన్ని కొట్టేయించి ఇంకొకటి చెప్పాడు.